క్రాఫ్ట్ స్టాంపుల కంపెనీలు ఏం మార్చుకోవాలి?

ప్రశ్న: చేతితో గ్రీటింగ్ కార్డులు చేసే మిత్రులారా, ఫోటోపాలిమర్ స్టాంపులు (సిరా అద్ది కాగితం మీద బొమ్మలు అచ్చు వేసే పారదర్శక ప్లాస్టిక్ లాంటి అచ్చులు) అమ్మే కంపెనీలు ఏ పద్ధతి మార్చుకుంటే బాగుంటుందని మీరు భావిస్తున్నారు? ప్యాకెట్ మీద స్టాంపులన్నీ అతికించి ఉన్న షీటు కొలత మాత్రమే ముద్రించి, ఒక్కొక్క బొమ్మ ఎంత ఉంటుందో చెప్పకపోవడం నాకు అన్నిటికంటే ఇబ్బందిగా ఉంది.

జవాబు 1: నిజమేనండి. పైగా చాలా సెట్లను అమెరికాలో వాడే 4.25 × 5.5 అంగుళాల (సుమారు 108 × 140 మిల్లీమీటర్ల) కార్డును దృష్టిలో పెట్టుకుని గీస్తారు. మనం ఏ4 కాగితాన్ని సగానికి కోసి మడిస్తే వచ్చే కార్డు 105 × 148 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, నిలువు అంచు డిజైను సుమారు 8 మిల్లీమీటర్లు తక్కువపడి, అతుకు కనబడకుండా రెండోసారి అచ్చు వేయవలసి వస్తుంది.

జవాబు 2: ఆ స్టాంపులతో చేసిన కార్డులను అమ్ముకోవచ్చో లేదో ప్యాకెట్ మీదే స్పష్టంగా రాయాలి. ఆ షరతును వెబ్‌సైటులో ఏ మూలనో దాచడం న్యాయం కాదు.

జవాబు 3: నేను కోరేది తెలుగు శుభాకాంక్షల స్టాంపులు. అయితే ఆంగ్ల అక్షరాల సైజులోనే చెక్కితే ‘జన్మదిన శుభాకాంక్షలు’లోని ఒత్తుల సందుల్లో సిరా నిండి ముద్దగా పడుతుంది, గీతల మధ్య ఎడం పెంచి, లోతుగా చెక్కించాలి. అందుకు కొంత ఎక్కువ ధర పెట్టడానికైనా నేను సిద్ధమే.

ప్రశ్న అడిగినవారు: అంచు కొలత సంగతి నాకు తట్టలేదండి, ధన్యవాదాలు.