బామ్ జీసస్ చర్చికి మళ్ళీ గార పూయాలా, ఎర్రగానే వదిలేయాలా?

సీతాఫల్‌మండి_శీను:
జూలైలో గోవా ఏంటని అడక్కండి, టికెట్లు చవగ్గా దొరికాయి, బుక్ చేసేశాను. నాలుగు రోజులూ వానే. బీచ్‌లో జెండాలు ఎర్రగా, మా ఆవిడ మొహం అంతకన్నా ఎర్రగా. ఇంక చేసేదేం లేక పణజీలో బస్సెక్కి పది కిలోమీటర్లు పోయి పాత గోవా చర్చిలు చూసొచ్చాం. ట్రిప్పు మొత్తంలో నాకు గుర్తుండిపోయేది అదొక్కటే.

రోడ్డుకి ఇటు బామ్ జీసస్ బాసిలికా, అటు సే కెథెడ్రల్. అది సున్నం కొట్టి తెల్లగా, ఇది రాయి బయటపడి ఎర్రగా. వానలో తడిసి ఆ ఎరుపు ఇంకా చిక్కబడింది. కెథెడ్రల్ పెద్దదే కానీ నాకు ఇదే నచ్చింది. బయటికొస్తుంటే గొడుగు కింద ఓ గైడు తన వాళ్ళకి చెప్తున్నాడు: ఇది అసలు రంగు కాదు, ఒకప్పుడు దీనికీ తెల్లగా గార ఉండేది, 1950ల్లో కొట్టించేశారు, అప్పట్నుంచీ వానకి రాయి తినేస్తోంది, మళ్ళీ పూయమని కొందరు అడుగుతున్నారు అని. వినగానే మనసు చివుక్కుమంది. పూసేస్తే ఇంక చూడ్డానికేముంటుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాళ్ళపిచ్చి:
పూయకూడదు. 1986లో యునెస్కో గోవా చర్చిలను ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టేనాటికే అది ఎర్రగా ఉంది. ఇప్పుడు బతికున్నవాళ్ళలో ఎక్కువమందికి బామ్ జీసస్ అంటే ఆ ఎరుపే. స్టాంపుల మీదా, క్యాలెండర్ల మీదా, పెళ్ళి శుభలేఖల మీదా అదే. చరిత్ర అంటే 1605లో ప్రతిష్ఠ జరిగిన రోజు ఒక్కటే కాదు, ఈ డెబ్భై ఏళ్ళూ కూడా చరిత్రే.

ఇంకోటి, అసలు భయం ఇది. పని ఎవరు చేస్తారు? తక్కువ టెండరు వేసినవాడు. వాడు సున్నం అని కాగితం మీద రాసి సిమెంటు కొడతాడు. మన గుళ్ళలో రాతి స్తంభాలకి ఎనామిల్ పెయింట్లు, మండపాల్లో బాత్రూం టైల్స్ చూడ్లేదా? బాగుచేస్తామన్న చోటల్లా పాడుచేయడమే చూశాను.

గార_మేస్త్రి_మనవడు:
మా తాత రాజమండ్రి చుట్టుపక్కల డంగుసున్నం పని చేసేవారండి. కరక్కాయ నీళ్ళూ, బెల్లం పాకం కలిపి గానుగాడించిన సున్నం గురించి వింటూ పెరిగాను. ఆ హక్కుతో రెండు ముక్కలు.

ఆ ఎర్రరాయి పేరు లాటరైట్. భూమిలోంచి తీసేటప్పుడు మెత్తగా ఉంటుంది, గొడ్డలితో చెక్కొచ్చు. గాలి తగిలాక గట్టిపడుతుంది. కానీ లోపలంతా తేనెపట్టులా బొరియలే. నీళ్ళు పీల్చి పట్టుకుంటుంది. గోవాలో ఏడాదికి మూడు మీటర్ల వాన పడుతుంది. అలాంటి చోట ఆ రాయితో కట్టినవాడు దాన్ని బట్ట లేకుండా నిలబెట్టాలని ఎందుకనుకుంటాడండి? మొదట్నుంచీ గార లెక్కలో పెట్టుకునే కట్టారు.

శీనుగారూ, మీరు ఎదురుగా నిలబడి ఫొటో తీసుకునుంటారు. ముందు వైపు స్తంభాలూ చెక్కడాలూ నల్ల బసాల్టు, అవి తట్టుకుంటాయి. వాటి మధ్యనున్నదీ, పక్క గోడలూ లాటరైట్. పక్కకి వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టి రాసి చూశారా?

సీతాఫల్‌మండి_శీను:
లేదండీ, పిల్లల్ని పట్టుకోడంతోనే సరిపోయింది.

మడగావ్_తెలుగు:
ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. ఊళ్ళో వినిపించేది చెప్తాను.

గార కొట్టించింది బల్తాజార్ కాస్ట్రో అనే పోర్చుగీసు వాస్తుశిల్పి. కట్టడం మరీ కొత్తగా కనపడుతోందని, పురాతనంగా కనిపించాలని చేసిన పని అది. ఆ రోజుల్లో పోర్చుగల్‌లో కూడా పాత కట్టడాలకి ఇలాగే పైపొరలు ఒలిచి రాయి చూపించారు. అక్కడ రాయి వేరు, వాన వేరు. అంటే శీనుగారు నాలుగొందల ఏళ్ళ నాటిదనుకుని మురిసిపోయిన ఆ రూపం వయసు డెబ్భై చిల్లరే. మా వీధిలో ఎనభై దాటిన పెద్దాయన ఒకరున్నారు, చిన్నప్పుడు తెల్లటి బామ్ జీసస్‌కి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళానంటారు. ఆయనకి ఈ ఎరుపు అంటే ఇప్పటికీ చిరాకు, చర్మం ఒలిచినట్టుందంటారు.

ఇంకో సంగతి. ఇక్కడ పాత ఇళ్ళల్లో పడమటి గోడకి గార లేకపోతే వానాకాలం ముందు కొబ్బరాకు తడికలు కడతారు. ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన విషయమే, గోడ తడవకూడదని. బాసిలికా బాధ్యతలు చూసే ఫాదర్, అంటే రెక్టరే 2020లో కట్టడాన్ని సరిగా కాపాడట్లేదని బయటికొచ్చి మొరపెట్టుకున్నారు.

నిజాంపేట_రావు:
గోవా ఇంక్విజిషన్, అంటే మతం పేరుతో చర్చి నడిపిన విచారణలూ శిక్షలూ, 1560లో మొదలై 1812 దాకా సాగింది. ఎంతమంది ఏడ్చారో. ఆ దొరలు కట్టిన గోడకి గార ఊడిందని మనం ఏడవాలా? మన శిథిలాలయాలకి దిక్కు లేదు.

నిర్వాహకుడు:
రావుగారూ, ఇంక్విజిషన్ గురించి విడిగా చర్చ మొదలుపెట్టండి, అది పెద్ద విషయమే. ఇక్కడ గార గురించి.

మెదక్_బిడ్డ:
రావన్నా, కట్టించినోడు దొరనే గానీ రాళ్ళు మోసింది ఈడి మనుషులే. మా మెదక్ చర్చి కూడా దొర కట్టించిందే, 1914ల మొదలైంది, 1924 క్రిస్మస్‌కు తెరిసిన్రు. కరువు దినాలల్ల పని చేస్తే తిండి దొరికిందని మా ముసలోళ్ళు గిప్పటికీ చెప్తరు. అది నా చర్చి కాదనుకోమంటవా?

ఇగ గార ముచ్చట. మాది గ్రానైటు రాయి. వాన పడ్డా గాలొచ్చినా దానికేం గాదు, మాకీ పంచాయితీ లేదు. గోవాలో రాయి అట్ల కాదని మేస్త్రి మనవడు చెప్తుండు గదా. మరి అండ్ల మొక్కేటోళ్ళు ఏమంటున్నరో ఎవలన్న అడిగిన్రా? రోజూ పూజ నడిచే చర్చి అది. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ అనే క్రైస్తవ మహాత్ముని దేహం అండ్లనే ఉంది. మొన్న 2024–25ల దర్శనానికి పెట్టినప్పుడు ఆ పెట్టెను ఎదురుంగున్న కెథెడ్రల్‌కు తీస్కపోయిన్రు, జనం ఏడికెళ్లో వచ్చిన్రు. గంత మంది మొక్కే తావు. ఫొటో మంచిగొస్తదని గోడ తడవాల్నా?

రాళ్ళపిచ్చి:
ఫొటో కోసం అని నేననలేదు. సరే, ఎరుపు మీద నా మమకారం పక్కన పెడతాను. కానీ పని గురించి మీరు తేలిగ్గా మాట్లాడుతున్నారు. డెబ్భై వానలు తాగిన గోడ అది. లోపల తేమ ఉంది, లవణాలుంటాయి. దాని మీద ఏది పడితే అది పూస్తే తేమ లోపలే బందీ అయిపోయి రాయి ఇంకా తొందరగా పొడిపొడి అయిపోతుంది. పైగా రాతి అంచులు ఇప్పటికే అరిగి గుండ్రంగా అయ్యాయి. సమం చేయడానికి మందంగా వేస్తే పక్కనున్న బసాల్టు చెక్కడాలు గోతిలో ఉన్నట్టు కనిపిస్తాయి. పాత గార ఎంత మందం, ఏ రంగు, నునుపా గరుకా తేల్చుకోకుండా మొదలుపెడితే అది ఇంకో కాస్ట్రో పనే. చేస్తే ముందు కంటపడని వైపు ఒక చిన్న ముక్క వేసి, మూడు నాలుగు వానలు చూసి, అప్పుడు మాట్లాడాలి.

గార_మేస్త్రి_మనవడు:
సిమెంటు గురించి మీరన్నది వందకి వంద పాళ్ళు నిజం. సిమెంటు పూసేట్టయితే నేనూ మీ వైపే, అలాగే వదిలేయమంటాను. సున్నం సంగతి వేరండి, దానికి ఊపిరి ఆడుతుంది, గోడలో తేమని బయటికి పంపుతుంది. ఎండాకాలం మొదట్లో పూసి, తడుపుతూ నెమ్మదిగా ఆరనివ్వాలి.

చేసేవాళ్ళు లేరంటారా, మీ హైదరాబాద్‌లోనే చూడండి. చార్మినార్ కట్టింది 1591లో, బామ్ జీసస్ మొదలైంది 1594లో. ఒక ఈడువే. 2019 మేలో చార్మినార్ మినారు నుంచి పెద్ద పెచ్చు ఊడి కింద పడింది, టీవీల్లో అంతా గగ్గోలు. కానీ ఊడింది గార, రాయి కాదు. మళ్ళీ సున్నంతోనే వేశారు. గార ఉన్నదే అందుకండి, దెబ్బ అది తినాలి. బామ్ జీసస్‌లో ఆ దెబ్బ నేరుగా రాయి తింటోంది, దాన్ని మళ్ళీ వేయలేం.

మడగావ్_తెలుగు:
రాయి తింటే ఏమవుతుందో చూడాలంటే బామ్ జీసస్ నుంచి కాస్త గుట్టెక్కండి. సెయింట్ అగస్టీన్ చర్చి ఉంటుంది, అంటే ఉండేది. 1835లో పోర్చుగీసు ప్రభుత్వమే సన్యాసి మఠాలను ఖాళీ చేయించింది, పట్టించుకునేవాడు లేడు. 1842లో కప్పు కూలింది, 1931లో ముఖభాగం, టవర్‌లో సగం. ఇప్పుడు 46 మీటర్ల టవర్ ముక్క ఒక్కటే నిలబడి ఉంది, వానాకాలంలో దాని మీద గడ్డి మొలుస్తుంది. దాని గంట మాత్రం ఇంకా పణజీ చర్చిలో మోగుతోంది.

ఆ శిథిలాల్లోనే 2005లో జార్జియా రాణి కేతెవాన్ ఎముకలు దొరికాయి. 1624లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఆమెని చంపేస్తే అవశేషాలు సన్యాసులు ఇక్కడికి తెచ్చి దాచారు. అవి ఆమెవే కావచ్చని డీఎన్ఏ తీసి చెప్పింది ఎవరనుకున్నారు, తార్నాక దగ్గరున్న మన సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ళు! 2021లో జార్జియాకి ఇచ్చేశారు. గారకి సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేకపోయాను. శీనుగారూ, అక్కడికి వెళ్ళారా?

సీతాఫల్‌మండి_శీను:
వెళ్ళలేదండీ. గుట్ట అనగానే మా ఆవిడ ఆటో ఎక్కేసింది. తార్నాక మాకు రెండు స్టాపులు, ఈ సంగతి ఇక్కడ తెలియాల్సొచ్చింది.

ఇందాక అన్నీ చదివాక ఫోన్‌లో ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ముందు నుంచి తీసినవి బ్రహ్మాండం. మా చిన్నోడు పక్క గోడ దగ్గర అలిగి నిలబడితే తీసిందొకటుంది. వాడి వెనక రాళ్ళ సందుల్లో నాచు, ఒక రాయి మధ్యలో గిన్నెలా లోపలికి పోయి ఉంది. వాడి తెల్ల చొక్కా భుజం మీద ఎర్రమరక అప్పట్నుంచీ ఉంది, వాన బురదనుకున్నాం. రెండు ఉతుకులు ఉతికినా పోలేదు. వాణ్ణి అడిగితే గోడకి ఆనుకున్నానన్నాడు.

నాకు ఎరుపు మీద ఇష్టం పోలేదు, దాచుకోను. గార పూస్తే ఒకసారి తిట్టుకుంటాను. పూయొద్దు అని మాత్రం ఇంక అనలేను.

రాళ్ళపిచ్చి:
నేను ఇప్పటికీ ముందు చిన్న ముక్క వేసి చూడమనే అంటాను.

గార_మేస్త్రి_మనవడు:
అలాగే కానివ్వండి, తాతా అదే అనేవారు. శీనుగారూ, ఆ మరక సబ్బుకి పోదు, ఆ రాయిలో ఇనుము ఉంటుంది. నిమ్మకాయ చెక్కకి ఉప్పు అద్ది రుద్ది ఎండలో పెట్టండి. మీ దగ్గర ఎండ ఉంటే.