‘బెనిఫిట్ టూరిజం’కి ‘సంక్షేమ పర్యాటకం’ సరిపోతుందా?

పని కోసం కాక అక్కడి ప్రభుత్వమిచ్చే సాయం కోసమే ఇంకో దేశానికి వెళ్లడాన్ని ‘బెనిఫిట్ టూరిజం’ అంటారు. దానికి తెలుగు మాట ఏది అన్న ఈ చర్చలో పైన చాలామంది ‘సంక్షేమ పర్యాటకం’కే ఓటేశారు, నాకు మాత్రం మనసొప్పడం లేదండీ. ఇంగ్లీషులోనే అది నిందగా పుట్టిన మాట. 2014 జనవరిలో రుమేనియా, బల్గేరియా కార్మికుల మీద మిగిలిన ఆంక్షలు ఎత్తేసేముందు బ్రిటన్‌లో దీన్ని తెగ వాడారు. మనం రాసేటప్పుడు కనీసం ‘అనే ఆరోపణ’ అని చేర్చాలి.

అసలు చిక్కు ‘సంక్షేమం’తో. యూరోపియన్ యూనియన్ చట్టంలో రెండు వేరు వేరు సంగతులున్నాయి. పనిచేస్తూ చందా కడుతూ సంపాదించుకున్న హక్కు ఒకటి, ఆదాయం లేనివారికి ప్రభుత్వమిచ్చే ఆసరా రెండోది. మన ఈఎస్ఐకీ తెలంగాణ ఆసరా పింఛనుకీ ఉన్న తేడా లాంటిదే, రెంటినీ ఎవరూ కలిపి మాట్లాడరు కదా. అక్కడి వార్త రాసేసరికి మాత్రం మన పత్రికల్లో అన్నీ ‘సంక్షేమ పథకాలు’ అయిపోతాయి, దాంతో ఎవరో వచ్చి ఊరికే తినిపోతున్నారన్న అర్థం దానంతటదే వచ్చేస్తుంది.

ఈ తేడా లేకపోతే కోర్టు తీర్పులు కూడా అర్థం కావు. లైప్‌జిగ్‌లో ఉంటూ పని వెతుక్కోని ఒక రుమేనియా మహిళకి జర్మనీ రెండో రకం సాయం ఇవ్వనంటే, సొంతంగా బతికే వనరులు లేవు కాబట్టి అలా నిరాకరించొచ్చని యూనియన్ కోర్టు 2014 నవంబరులో చెప్పింది. అదే కోర్టు 2022 జూన్‌లో ఆస్ట్రియాని తప్పుపట్టింది. తమ దేశంలో పనిచేస్తున్నవాళ్ల పిల్లలు వేరే సభ్యదేశంలో ఉంటే, అక్కడి జీవన వ్యయాన్నిబట్టి పిల్లల భత్యాన్ని (ఇది మొదటి రకం) మార్చే పద్ధతి ఆస్ట్రియా 2019లో పెట్టింది. ఆస్ట్రియాలో ముసలివాళ్లని ఇళ్లలో ఉండి చూసుకునే స్లొవేకియా, రుమేనియా ఆడవాళ్లకి దాంతో భత్యం తగ్గిపోయింది. పన్నులూ చందాలూ అందరిలాగే కడుతున్నప్పుడు భత్యం ఎందుకు తగ్గాలి? కోర్టూ దాదాపు అదే అంది. ఇలాంటి మనిషిని ‘పర్యాటకురాలు’ అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకే పనిచేసి సంపాదించుకున్న హక్కుకి ‘సామాజిక భద్రత’, ఆదాయం లేనివారికిచ్చే ఆసరాకి ‘సామాజిక సహాయం’ అని విడివిడిగా వాడదాం. మొదటి మాట ఇప్పటికే వాడుకలో ఉంది, రెండోది కొంచెం కృతకంగా ఉన్నా పలకడానికి తేలికే.

ఇంకొకటి తేలాలి. ఒక దేశంలో సంపాదించుకున్న పింఛను ఇంకో సభ్యదేశంలో ఉండి తీసుకోవచ్చు, దాన్ని వాళ్లు ‘ఎక్స్‌పోర్ట్’ అంటారు. ‘ఎగుమతి’ అంటే సరుకే గుర్తొస్తోంది, ‘హక్కు వెంట రావడం’ అర్థమవుతుంది గానీ పొడుగు. ఎవరికైనా పొట్టి మాట తడితే రాయండి.