డ్రెస్సింగ్ నొప్పికి వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు పెట్టుకుంటే వేరే లోకంలో ఉన్నట్టు చూపించేది) వాడి చూసినవాళ్లు ఉన్నారా?

నమస్కారమండీ. గారెలు వేస్తుంటే మా అమ్మకు కాగిన నూనె తొడ మీద, మోకాలి మీద పడింది. పుండు మానుతోంది. కానీ రోజు విడిచి రోజు కట్టు మార్చేటప్పుడు నరకమే. అంటుకున్న గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి మెల్లగా లాగుతున్నా సరే, నర్సమ్మ గొంతు వినగానే అమ్మ దుప్పటి అంచు పిడికిట్లో బిగించేస్తుంది.

సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లు కాలిన గాయాలవాళ్ల కోసం ‘స్నోవరల్డ్’ అనే వీఆర్ ఆట తయారుచేశారు. డ్రెస్సింగ్ జరుగుతున్నంతసేపూ రోగి మంచు లోయలో మంచు ఉండలు విసురుతుంటాడు. ధ్యాస అటు మళ్లడంతో నొప్పి తక్కువగా తెలుస్తుంది. మందులకు బదులు కాదు, మందులతో పాటే.

తమ్ముడి దగ్గర మెటా క్వెస్ట్ 2 అనే వీఆర్ హెడ్‌సెట్ ఉంది. డాక్టరుగారు కూడా సరేనన్నారు, నొప్పి మాత్ర మాత్రం ఆపొద్దన్నారు. చిక్కల్లా ఏంటంటే, అమ్మకు బస్సెక్కితేనే వాంతులు. తల తిరగకుండా, ఒక్క చేత్తో కదలకుండా ఆడే ఆట ఏదైనా ఉందా? వెనక్కి వాలితే దృశ్యం మొత్తం నెత్తి మీదికి పోతోంది, దాన్ని ఎలా సరిచేయాలి? కళ్లజోడుతో పెట్టుకోవచ్చా? ముఖానికి తగిలే స్పాంజిని దేంతో తుడవాలి? (తమ్ముడి చెమటంతా అందులోనే ఉంది మరి.)

ఎల్లుండి మళ్లీ కట్టు మార్చాలి. ఆలోపు ఎవరైనా చెబితే మేలు.