చర్చ: గుండెపోటు పట్నంవాళ్ల జబ్బేనా?

చెరువుగట్టు:
మొన్న ఇక్కడ ఒకరు "పొలం పని చేసేవాళ్లకు గుండెపోటు రాదు, అది కుర్చీలో కూర్చునేవాళ్ల జబ్బు" అని రాశారు. నేను ఒప్పుకోలేను. మా పెదనాన్న 58 ఏళ్లకే పోయారు. వరికోతల రోజులు. తెల్లవారుజామున లేచి ఛాతీలో మంటగా ఉంది, ఎడమ చెయ్యి లాగేస్తోంది అన్నారు. పెద్దమ్మ గ్యాస్ అనుకుని సోడా తెప్పించి తాగించింది. ఆర్ఎంపీ వచ్చి ఇంజక్షన్ చేశాడు. ఎనిమిది కాకముందే ప్రాణం పోయింది. పంచాయతీ పుస్తకంలో "సహజ మరణం" అని రాశారు. ఆయనకు బీపీ ఉందో లేదో కూడా మాకు తెలియదు, ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2003-04 ప్రాంతంలో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఒక సర్వే జరిగింది. చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో అడిగి రాసుకున్నారు. అందులో 32 శాతం చావులు గుండెజబ్బు, పక్షవాతం లాంటివాటివల్లే. ప్రమాదాలు, ఆత్మహత్యలు కలిపి 13 శాతం, అంటురోగాలు 12 శాతం. అవి పట్నాలు కావు, పల్లెలు!

లెక్కల మాస్టారు:
మీ పెదనాన్నగారి సంగతి చదివితే బాధేసింది. అయినా శాతాలతో జాగ్రత్త. టీబీ, విరేచనాల చావులు తగ్గితే మిగతావాటి వాటా దానంతటదే పెరుగుతుంది. గుండెజబ్బు పెరిగిందనడానికి అదొక్కటే సరిపోదు. పైగా ఇంట్లోవాళ్లు చెప్పినదాన్ని బట్టి తేల్చిన కారణం ఎంతవరకు నమ్మాలి? నిద్రలో పోయినవాళ్లందరికీ గుండెపోటే అంటారు మన ఊళ్లలో.

ఏఎన్ఎం అక్క:
నమ్మకపోతే ఇంకేం ఉంది మాస్టారూ? 2020లో మన దేశంలో నమోదైన చావుల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతు కూడా లేవు. ధ్రువీకరించిన చోట కూడా ఒక్కోసారి "కార్డియాక్ అరెస్ట్" అని రాసి వదిలేస్తారు. గుండె ఆగకుండా ఎవరు పోతారు? ఆగడానికి ముందు ఏం జరిగిందో రాయాలి.

ఇంకో మాట. అన్ని చోట్లా ఒకటే కారణం అనుకోకండి. 2019లో ప్రపంచం మొత్తం మీద గుండెజబ్బుదే మొదటి స్థానం, 16 శాతం. బాగా పేద దేశాల్లో మాత్రం పురిటి బిడ్డల చావులే ముందున్నాయి.

చెరువుగట్టు:
మాస్టారూ, వాటా గురించి మీరన్నది నిజమే. అందుకే నేను వయసు పట్టుకుని అడుగుతున్నాను. 88 ఏళ్లకు గుండె ఆగడం వేరు, 58కి ఆగడం వేరు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో 17 దేశాల్లో లక్షన్నరమందికి పైగా చూశారు. పేద దేశాల్లో బీపీ, కొలెస్ట్రాల్ లాంటి ముప్పులు మొత్తంగా తక్కువే ఉన్నా, గుండెజబ్బుతో చనిపోయేవాళ్లు ఎక్కువగా ఉన్నారు. జబ్బు వచ్చాక అందాల్సిన మందు, వైద్యం అందకపోవడం దీనికి పెద్ద కారణమని నా నమ్మకం. మా ఇంట్లో జరిగింది అదే.

అక్కా, ఆదివారం ఊరెళ్తున్నాను. పెద్దమ్మకు ఈ మధ్య తల తిరుగుతోందట. సబ్‌సెంటర్‌లో బీపీ చూస్తారా?

ఏఎన్ఎం అక్క:
చూస్తారు, సోమవారం పొద్దున్నే తీసుకెళ్లండి. టీ తాగి ఉంటే అరగంట ఆగాలి, వెళ్లగానే ఒక ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి.