అప్‌డేట్: వాన పడితే ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగే సమస్య తీరింది

వాన పడినప్పుడల్లా నా హామ్ రేడియో 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ (తీగ యాంటెన్నా) ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 నుంచి 3 దాటుతోందని ఇంతకుముందు అడిగాను కదా. ఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరగా ఉంటే మంచిది. తప్పు యాంటెన్నాది కాదు, రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్లే కోయాక్స్ కేబుల్‌ది.

యాంటెన్నా వైరు పొడవు తగ్గించమని కొందరన్నారు. కానీ ఎండలో సరిగ్గా ఉన్నది వానలో మారుతుంటే కత్తిరించడం నాకు నచ్చలేదు. యాంటెన్నా తీసేసి, కేబుల్ పై చివర 50 ఓమ్స్ డమ్మీ లోడ్ (యాంటెన్నాకి బదులుగా పెట్టే రెసిస్టర్) పెట్టి చూశాను. అప్పుడూ రీడింగ్ నిలకడగా లేదు! లోడ్ కూడా తీసేసి కేబుల్ మధ్య తీగకీ దాని చుట్టూ ఉన్న అల్లిక తీగకీ మల్టీమీటర్ పెడితే, అసలు కనెక్షనే చూపించకూడని చోట కొన్ని కిలో ఓమ్స్ చూపించింది. కనెక్టర్ విప్పితే లోపల తడి, అల్లిక తీగ నల్లబడిపోయి ఉంది. నీళ్లు ఆ అల్లిక వెంబడి చాలా లోపలికి పాకాయి. రాగి మెరుస్తూ కనిపించేదాకా కోస్తే మీటరుకు పైగా పోయింది.

కొత్త కనెక్టర్ సోల్డర్ చేసి, తనకు తానే అతుక్కునే రబ్బర్ టేపు చుట్టాను. నీళ్లు కిందికి జారేలా కేబుల్‌కి ఒక వంపు కూడా ఇచ్చాను. నిన్న రాత్రంతా వాన. పొద్దున చూస్తే 1.4 దగ్గరే ఉంది, ఎంత హాయిగా అనిపించిందో!

డమ్మీ లోడ్ సలహా ఇచ్చినవారికి మనస్ఫూర్తిగా థాంక్స్.