అప్‌డేట్: గోళ్లు తీసేసిన పిల్లి పరుపు మీద ఉచ్చ పోస్తోంది (కారణం దొరికింది)

డాలస్‌లో షెల్టర్ నుంచి తెచ్చుకున్న ఆరేళ్ల పిల్లి లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకి లిట్టర్ అనే ఇసుకలాంటిది పోసి పెట్టే పెట్టె) వదిలేసి పరుపు మీద పోస్తోంది, చెయ్యి వేస్తే కరుస్తోంది అని మూడు నెలల క్రితం అడిగాను కదా. "పాదాలకు ఎక్స్‌రే తీయించండి" అన్నవాళ్లకి దండం. అదే నిజమైంది.

డీక్లా అంటే గోరు మాత్రమే తీస్తారనుకున్నాను. వేలి చివరి ఎముకనే కోసేస్తారట! పాత ఓనర్లు చేయించిన ఆ ఆపరేషన్‌లో కుడి ముందుకాల్లో రెండు ఎముక ముక్కలు మిగిలిపోయాయి. గరుకు లిట్టర్ తవ్వినప్పుడల్లా నొప్పి. రక్కడానికి గోళ్లు లేవు, ఇక కరవక ఏం చేస్తుంది పాపం.

ముక్కలు తీయించాం. నొప్పికి కొన్నాళ్లు గాబాపెంటిన్ ఇచ్చాం, సన్నటి మెత్తని లిట్టర్‌కి మారాం. ఐదు వారాలుగా పరుపు పొడిగానే ఉంది (కొత్త పరుపు లెండి, పాతది పారేశాం). కరవడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

యూరిన్ టెస్టులో ఏమీ లేదు. ఫెరోమోన్ డిఫ్యూజర్ (పిల్లిని శాంతపరిచే వాసన వదిలే పరికరం), బాక్స్ చోటు మార్చడం మా పిల్లికి పనిచేయలేదు.