ఓల్డ్ యెల్లర్ పిల్లలకు చూపించాలా? చివరి సీను ఆపేయాలా?

నాగావళి:
మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ ‘ఓల్డ్ యెల్లర్’ డీవీడీ తెచ్చింది. 1957లో డిస్నీ వాళ్లు తీసిన సినిమా. కాలేజీ రోజుల్లో క్యాసెట్ మీద చూశాను. మొన్న రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక్కదాన్నే మళ్లీ చూశాను. చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. 1860ల నాటి టెక్సాస్. తండ్రి పశువులు తోలుకుని దూరం పోతాడు, ఇంటి బరువు పెద్దోడు ట్రావిస్ మీద పడుతుంది. ఎక్కడినుంచో ఒక పసుపు రంగు కుక్క వచ్చి చేరుతుంది, దాన్నే యెల్లర్ అంటారు. మొదట ఒట్టి దొంగ కుక్క, వేలాడదీసిన మాంసం తినేస్తుంది. తర్వాత చిన్నోడు ఆర్లిస్‌ని ఎలుగుబంటి నుంచి, ట్రావిస్‌ని అడవిపందుల నుంచి కాపాడుతుంది. చివరికి ఇంటివాళ్ల కోసం రేబిస్ సోకి పిచ్చెక్కిన తోడేలుతో కలబడుతుంది, ఆ జబ్బు దానికీ అంటుకుంటుంది. ట్రావిసే తుపాకీ తీసి కాల్చాల్సి వస్తుంది.

మా బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. శ్రీకాకుళంలో మా వీధి కుక్కంటే ఇద్దరికీ ప్రాణం. ఏం చెయ్యమంటారు?

పలాస:
తోడేలు చచ్చే దగ్గర ఆపేయండి అక్కా. పిల్లల లెక్కలో కుక్క బతికినట్టే.

బొబ్బిలి మాస్టారు:
అక్కడ ఆపితే మిగిలేది ఏంటమ్మా? మాంసం దొంగిలించిన కుక్కా, ఎలుగుబంటీ. ఆ సినిమా బలమంతా కాల్చాక వచ్చే సీనులో ఉంది. తండ్రి ఇంటికొచ్చి కొడుకు పక్కన కూర్చుని మాట్లాడతాడు. ఏడవొద్దు అనడు, మర్చిపో అనడు. యెల్లర్ కూనని ట్రావిస్ ముందు దగ్గరికి రానివ్వడు, తర్వాత తనే తీసుకుంటాడు. ఇదంతా కోసేసి పిల్లలకేం చూపిస్తారు?

మన ఊళ్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటి సీను వచ్చేదాకా గుంటలెవరూ లేచేవారు కాదు. పాము కరిచి చనిపోయిన లోహితాస్యుడిని చంద్రమతి కాటికి మోసుకొస్తుంటే, మేం అమ్మ ఒళ్లో కూర్చుని చూశాం. మాకేం అయింది?

టెక్కలి:
కుక్కకి ముందే టీకా వేయించి ఉంటే ఈ గొడవే లేదు కదా.

బొబ్బిలి మాస్టారు:
1860ల్లో టీకా ఎక్కడిది బాబూ? రేబిస్ టీకా కనిపెట్టిన పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి వేసింది 1885లో.

టెక్కలి:
నేనడిగింది కుక్క టీకా గురించి, మీరు చెప్పింది మనిషి టీకా.

రాజాం:
చివరి సీను మాత్రమే కాదు, ఆ సినిమానే చూపించొద్దు. డిస్కు తీసి పైన పెట్టేయండి.

బొబ్బిలి మాస్టారు:
కారణం చెప్పకుండా వద్దంటే ఎలా?

రాజాం:
కారణం కావాలా? సాయంత్రం ఏ జంక్షన్‌లోనైనా నిలబడండి, మంద కనిపిస్తుంది. ఇక్కడి పిల్లలకి కుక్క దేవుడని చూపించే సినిమా అవసరమా?

బొబ్బిలి మాస్టారు:
వీధికుక్కల మీద కోపం సినిమా మీద తీర్చుకుంటే ఎలా? అందులో కుక్కని దేవుణ్ణి చెయ్యలేదు. ప్రేమించిన కుక్కే ప్రమాదం అయితే ఏం చెయ్యాలో చూపించారు. మీరు సినిమా చూశారా అసలు?

రాజాం:
చూశాను. మీరు రిటైరైనా పాఠం మానలేదు. చావు కూడా మీకు పాఠమే. ఇంట్లో జరిగినవాళ్లకి తెలుస్తుంది.

బొబ్బిలి మాస్టారు:
మా ఇంట్లో జరగలేదని మీకెవరు చెప్పారు? మా అమ్మ పోయినప్పుడు నన్ను చీపురుపల్లిలో పిన్ని ఇంటికి పంపించేశారు. అమ్మ ఆసుపత్రిలో ఉందన్నారు. బడికి తిరిగొచ్చాక తోటి పిల్లాడు చెప్పాడు నాకు. అమ్మ ముఖం చివరిసారి చూడలేదు. పిల్లలు తట్టుకోలేరని పెద్దలు తేల్చేయడం అంటే నాకు అందుకే ఒళ్లు మండుతుంది. డిస్కు మధ్యలో ఆపడమూ అదే పని.

పలాస:
ఇద్దరూ కొంచెం తగ్గండి.

రాజాం:
మాస్టారూ, మీ సంగతి విన్నాను, నాది వినండి. మా చిన్నాన్న కొడుకు. మా వీధిలో ఒక కుక్క మీద అనుమానం వచ్చి అందరూ కర్రలతో కొట్టి చంపేశారు. వాడు కళ్లారా చూశాడు. తర్వాత వాడు అన్నం పెట్టే కూన వాణ్ణి కరిచింది. చెప్తే దాన్నీ కొట్టేస్తారని నోరు విప్పలేదు. తనే సున్నం పెట్టుకుని నిక్కరు కింద దాచుకున్నాడు. నెలలు గడిచాక నీళ్ల గ్లాసు చూసి వణికిపోతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. అప్పటికి ఎవరి చేతుల్లోనూ ఏం లేదు.

మీరు గొప్పగా చెప్పే చివరి సీను చూసి ఒక పిల్లాడికి అర్థమయ్యేది ఒకటే. జబ్బు సంగతి పెద్దవాళ్లకి తెలిస్తే కుక్కని చంపేస్తారు. ఇక వాడు కాటు చూపిస్తాడా?

టెక్కలి:
నేను ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. రాజాం అన్న చెప్పినట్టు దాచే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులన్న పాత భయం ఒకటి. ఇప్పుడవి లేవు. ముందు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసరు ఏదీ పెట్టొద్దు. వెంటనే వస్తే చేతికి వేస్తాం. మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. రక్తం వచ్చిన కాటైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి. కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టి చూడమంటాం, చంపమనం. కానీ ఆ పది రోజులు అయ్యేదాకా ఆగకుండా సూది వెంటనే మొదలుపెట్టాలి.

నాగావళి:
రాజాం అన్నయ్య గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏం రాయలేకపోయాను. ఆ కోణం నాకు తట్టనే లేదు. కానీ సినిమాలో ఒక సీను ఉంది. తోడేలు కరిచాక యెల్లర్‌ని వెంటనే కాల్చరు. ట్రావిస్ బతిమాలితే మొక్కజొన్న కొట్టంలో కట్టడి చేసి ఎదురుచూస్తారు. కుక్క గుర్రుమనడం మొదలయ్యాక కూడా చిన్నోడు ఆర్లిస్ వెళ్లి ఆ తలుపు తీయబోతాడు. వాడికి లోపల ఉన్నది తన యెల్లరే. దాన్ని ఎందుకు మూసి ఉంచారో వాడి తలకెక్కేలా ఎవరూ చెప్పలేదు. తల్లి, అన్న ఆఖరి క్షణంలో అడ్డుపడతారు. మీ తమ్ముడు, ఆర్లిస్ ఒకలాంటి పిల్లలే అనిపించింది నాకు.

రాజాం:
ఆ తలుపు సీను నాకూ గుర్తుంది చెల్లెమ్మా. అందుకే ఐదేళ్ల పాపకి వద్దంటున్నాను.

బొబ్బిలి మాస్టారు:
అందుకే పాపకి కూడా చూపించాలి. ఆర్లిస్ వయసు పిల్ల అది.

నాగావళి:
పాపకి ఇప్పుడు చూపించను మాస్టారూ, అంత చెప్పినా తనకి అందదు. బాబుకి మాత్రం మొత్తం చూపిస్తాను, పక్కనే కూర్చుంటాను. డిస్కు పెట్టే ముందే చెప్తాను, కుక్క కరిచినా గీరినా నాకు చెప్పు, చెప్తే దాన్నెవరూ చంపరు అని.

రాజాం:
‘ఎవరూ చంపరు’ అని మీరెలా మాటిస్తారు? మా వీధిలో కర్రలు పట్టుకున్నవాళ్లెవరూ మమ్మల్ని అడిగి రాలేదు. ఒక్కసారి ఆ మాట తప్పితే వాడు జన్మలో ఏదీ చెప్పడు.

నాగావళి:
నిజమే. అయితే ముందు మా వీధివాళ్లతో మాట్లాడతాను. కుక్కకి టీకా వేయించే ఖర్చు నేనే పెట్టుకుంటాను. టెక్కలి తమ్ముడూ, పశువుల ఆసుపత్రికి కుక్కని తీసుకెళ్లాలా, వాళ్లే వస్తారా? అది తేలాకే డిస్కు బయటికి తీస్తాను.